కుండీలో యూరియా ఎందుకు వద్దంటే...

ప్రశ్న: మిద్దె మీద కుండీల్లో వంగ, టమాటా, తోటకూర వేశాం. చెంచాడు యూరియా వేస్తే రెండు రోజుల్లో వంగ ఆకుల అంచులు మాడిపోయాయి. సేంద్రియంగానే పెంచమంటున్నారు. నిజంగా తేడా ఉంటుందా? పేనుబంకకు ఏం కొట్టాలి?
– ఓ పాఠకురాలు, ఖమ్మం

జవాబు: ఉంటుందండీ, కుండీలో మరీనూ. యూరియాలో 46 శాతం నత్రజని. పొలంలో అది విస్తారమైన మట్టిలో సర్దుకుంటుంది. పన్నెండు అంగుళాల కుండీలో వేళ్లకు తప్పించుకునే చోటేదీ? మట్టిలో లవణాలు పెరిగి, వేరు నీళ్లు పీల్చలేక ఆకు అంచు మాడుతుంది. కుండీ అంచున తెల్లటి పొర కట్టిందేమో చూడండి, అది లవణమే. ముందు కింది రంధ్రం నుంచి ధారగా కారేలా మూడు నాలుగుసార్లు నీళ్లు పోయండి. కొత్త ఆకులు వచ్చాక కుండీకి రెండు గుప్పెళ్ల వర్మీకంపోస్టు నెలకోసారి చాలు. పచ్చిపేడ మాత్రం వేయకండి. మగ్గేటప్పుడు వేడెక్కుతుంది, వేరుపురుగూ చేరుతుంది.

సేంద్రియంగా పెంచమనడానికి రెండో కారణం పురుగుమందు. కొట్టాక ఇన్ని రోజులు కోయకూడదని డబ్బా మీద ఉంటుంది. రోజూ గిల్లే తోటకూరకు ఆ గడువు పాటించేదెవరు?

పేనుబంకను మొదట ఆకు అడుగున నీటిధారతో కడగండి. తగ్గకపోతే లీటరు గోరువెచ్చని నీటికి 5 మి.లీ. వేపనూనె. ముందుగా నూనెను చెంచాడు కుంకుడు రసంలో చిలకాలి, లేకపోతే పైన తేలి ఆకును కాలుస్తుంది. సాయంత్రమే కొట్టండి, వారానికోసారి, మూడుసార్లు. ఒక్క దెబ్బకే పోతుందని మాత్రం ఆశించకండి.