కప్పుల లెక్క గ్రాముల్లోకి దింపేటప్పుడు

చి. అమ్మాయికి,

ఆశీస్సులు. కప్పుల్లో రాసిన కేకు కొలతల్ని గ్రాముల్లోకి మార్చడానికి ఒక్క సూత్రం చెప్పమన్నావు. అలాంటిది లేదమ్మా. 240 మి.లీ. కప్పు నిండా నీళ్లు పోస్తే ఇంచుమించు 240 గ్రాములు తూగుతాయి. అదే కప్పులో మైదా 120-125, పంచదార 200, నూనె 220, తేనె 340 దాకా తూగుతుంది. ఏ వస్తువు లెక్క ఆ వస్తువుదే.

ముందు ఆ కొలతలు ఎక్కడివో చూడు. అమెరికా కప్పు దాదాపు 240 మి.లీ., ఆస్ట్రేలియాది 250, జపాన్‌ది 200. టేబుల్ స్పూను మామూలుగా 15 మి.లీ., ఆస్ట్రేలియాలో మాత్రం 20.

అసలు తంటా మైదాతోనే. కప్పుని నేరుగా డబ్బాలో ముంచి తీస్తే పిండి అణిగిపోయి 150 గ్రాముల దాకా వస్తుంది. మూడు కప్పులకి 75 గ్రాములు ఎక్కువ పడినట్టు, అంటే అరకప్పు పైమాటే. కేకు పిడచకట్టి, పైన పగులుతుంది. జనం పొయ్యిని తిడతారు గానీ తప్పు కప్పుది. డబ్బాలో పిండిని స్పూనుతో కదిపి గుల్ల చెయ్యి. స్పూనుతో కప్పులోకి వదులుగా పోసి, పైన చాకు వీపుతో చదును చెయ్యి. కప్పుని బల్ల మీద తట్టకు. ఇలా మూడుసార్లు నింపి తూచి, సగటు తీసి డబ్బా మూత మీద రాసిపెట్టుకో. పట్టికల్లో అంకెల కంటే నీ కప్పుకీ నీ పిండికీ ఆ అంకే నమ్మకం. ఇంకో మెలిక: 'జల్లించిన మైదా 1 కప్పు' అంటే జల్లించాక కొలవాలి, 115 గ్రాములకి మించదు. 'మైదా 1 కప్పు, జల్లించాలి' అంటే కొలిచాక జల్లించాలి.

బ్రౌన్ షుగర్ అదిమి నింపితే 215-220. కప్పుల్లో రాసేవాళ్లు సాధారణంగా అదిమిన లెక్కే రాస్తారు. వెన్న అరకప్పు 113 గ్రాములు, గట్టిదైనా కరిగించినా తూకం ఒక్కటే.

ఔన్సు దగ్గర చాలామంది బోల్తా పడతారు. బరువు ఔన్సు 28.35 గ్రాములు, ద్రవాల ఔన్సు దాదాపు 30 మి.లీ. ఒక కప్పంటే 8 ద్రవ ఔన్సులు గనక, 8 ఔన్సుల మైదా కూడా ఒక కప్పేననుకుంటారు. అది 227 గ్రాములు, రెండు కప్పులకి కాస్తే తక్కువ!

బేకింగ్ పౌడర్, సోడా, ఉప్పు లాంటివి స్పూనుతోనే కొలువు. టీస్పూను బేకింగ్ పౌడర్ 4-5 గ్రాములు. గ్రాము చొప్పున చూపించే కాటా మీద అరగ్రాము అటూ ఇటూ అయితే తెలియదు. పైగా కొద్దికొద్దిగా రాలుస్తుంటే కొన్ని కాటాలు కదలవు కూడా. ఉప్పు విషయంలో ఏ రకమో చూసుకో: టీస్పూను సన్న ఉప్పు 6 గ్రాములు తూగితే, గరుకు ఉప్పు అందులో సగమే ఉండొచ్చు. మైదా, పంచదార అంకెల్ని దగ్గరలోని 5 గ్రాముల లెక్కకి సర్దుకోవచ్చు, వీటిని మాత్రం సర్దకు.

మార్చడం అయ్యాక అంకెలన్నీ ఒకసారి పక్కపక్కన పెట్టి చూడు. రెండు కప్పుల మైదా 250 దగ్గర ఉండాలి. 400 కనిపిస్తే పంచదార లెక్క మైదాకి కట్టేశావని అర్థం.

నీ పెద్దమ్మ