టేకు బీరువాకు తెల్ల రంగు వేసే ముందు

అమ్మమ్మగారి టేకు బీరువా మీ వాటాకు వచ్చిందనీ, చెన్నై వేళచ్చేరి అపార్ట్‌మెంటు హాలులో అది మరీ నల్లగా కనిపిస్తోందనీ, తెల్ల రంగు వేసి అంచుల్లో గీకి పాతకాలపు కళ తీసుకురావడం ఎలాగనీ అడిగారు. బీరువా గట్టిగా ఉంటే దానికి రంగు వెయ్యవద్దన్నది నా జవాబు. అన్నేళ్లు ఇంట్లో మసలిన చెక్కకు పాతదనం తనంతట తానే వచ్చి ఉంటుంది. దాన్ని రంగుతో కప్పేసి, ఆ రంగునే మళ్లీ గీకి పాతదనం పుట్టించడంలో నాకు అర్థం కనిపించదు. అయితే ఈ పని వ్యర్థమని నేను అనడం లేదు. చెదపట్టి చెక్క మార్చిన సామానుకు, ఇదివరకే రంగు పడిన సామానుకు ఇంతకన్నా మంచి ఉపాయం లేదు. ఆ సంగతి నేను మా అవ్వ జాలీ బీరువాతో నేర్చుకున్నాను.

సూళ్లూరుపేటలో మా అవ్వ పాలు, పెరుగు, మిగిలిన కూరలు అందులోనే పెట్టేది. చీమలెక్కకుండా దాని నాలుగు కాళ్లనూ నీళ్లు పోసిన రాతి గిన్నెల్లో నిలబెట్టేవారు. ఆమె పోయాక 2019లో సంక్రాంతి వెళ్లగానే చిన్న లారీలో పురసవాక్కంలోని మా ఇంటికి తెచ్చి చూస్తే, ఎడమ పక్క చెక్క మొత్తం, ఒక అరలో సగం చెదలు తినేశాయి. పెరంబూరు నుంచి వచ్చిన పెద్దాయన, మేము ఆశారి అని పిలిచే వడ్రంగి, కూల్చిన ఇళ్ల కలప అమ్మేవారి దగ్గర పాత టేకు పలక ఏరి తెచ్చి బిగించారు. పని చక్కగా కుదిరింది గాని, పాత ఆకుపచ్చ తలుపుల పక్కన ఆ కొత్త పలక పరాయిదానిలా నిలబడింది. దాన్ని మిగతా చెక్కతో కలపడం నా వంతు అయింది.

అప్పుడు తలుపులను మొదటిసారి దగ్గరగా చూశాను. కుడి తలుపు గడియ పక్కన బొటనవేలు ఆనే చోట కోడిగుడ్డంత మేర ఆకుపచ్చ పోయి, దాని చుట్టూ సన్నని నీలపు అంచు, నడుమ నున్నగా గోధుమరంగు చెక్క కనిపించాయి. ఆకుపచ్చకు ముందు ఆ బీరువా నీలంగా ఉండేదని మా నాన్నకు కూడా గుర్తు లేదు. ఎడమ తలుపుకు పైన గొళ్లెం ఉండేది కాబట్టి దాన్ని ఎవరూ పట్టుకోలేదు, దాని రంగు చెక్కుచెదరలేదు. కింది పట్టీ మీద చీపురు తగిలిన మేర ఒక వేలెడు ఎత్తు రంగు పూర్తిగా అరిగిపోయింది. కాళ్ల చివర గిన్నెల నీళ్లు నిలిచిన గుర్తు నల్లటి గీతగా ఉంది.

ఇంత చూసి కూడా నేను వీడియోల్లో చూపినట్టే చేశాను. కొత్త పలకకు ఆకుపచ్చ రంగు వేసి, నాలుగు అంచులనూ ఒకే తీరున అరగదీశాను. ఆశారి వచ్చి చాలాసేపు చూసి, తమిళంలో మెల్లగా, "అమ్మా, చీపురు కింద తగులుతుంది, చెయ్యి నడుమెత్తున తగులుతుంది. తలకు పైన ఏం తగులుతుందమ్మా?" అని అడిగారు. ఆ పూటే రంగంతా తీసేసి మళ్లీ మొదలుపెట్టాను.

రెండోసారి చేసిన పద్ధతి ఇది. టేకులో సహజంగా నూనె ఉంటుంది కాబట్టి ముందు పలకను స్పిరిట్‌తో తుడిచి, పలుచగా ఒక పూత లక్క పాలిష్ కొట్టాను. ఆ అడ్డుపొర లేకపోతే చెక్కలోని గోధుమరంగు నీటిరంగులోంచి పైకి ఉబికి వస్తుంది, తెల్ల రంగు మీద ఆ మరక ఇంకా కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. తర్వాత నీలం వేసి, పూర్తిగా ఆరాక, చెయ్యీ చీపురూ తగిలే చోట్ల మాత్రమే మామూలు కొవ్వొత్తి రుద్దాను. మైనం ఉన్నచోట పై పూత కింది రంగును గట్టిగా పట్టుకోదు. దాని మీద ఆకుపచ్చ వేసి మర్నాడు 220 నంబరు గరుకు కాగితాన్ని, ఇక్కడి వడ్రంగుల మాటలో ఉప్పుత్తాళ్‌ను, నీళ్లలో తడిపి తేలికగా రుద్దితే, మైనం రాసిన చోట్ల ఆకుపచ్చ లేచి కింద నీలం బయటపడింది. మూడు ఆదివారాలు పట్టింది. చాక్ పెయింట్ లాంటి రంగును ఇంట్లోనే కలుపుకోవడానికి నేను వాడిన కొలత మూడు వంతుల ఎమల్షన్ (గోడలకు వేసే నీటిరంగు), ఒక వంతు ప్లాస్టర్ ఆఫ్ పారిస్, ఒక వంతు నీరు. ముందు ప్లాస్టర్‌ను నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, ఆ తర్వాతే ఎమల్షన్‌లో పొయ్యాలి.

చాక్ పెయింట్ అని ఇప్పుడు అందరూ చెప్పుకునేది 1990లో ఇంగ్లండులో అనీ స్లోన్ అనే రంగుల నిపుణురాలు తయారుచేసిన రంగు. చెక్కను అరగదీయకుండా, ప్రైమర్ (రంగుకు ముందు వేసే అడుగు పూత) లేకుండా నేరుగా వెయ్యవచ్చన్నదే దాని గొప్పతనం. ఆ మాటను యథాతథంగా నమ్మి మనవాళ్లు చెన్నైలో, అందులోనూ ఈశాన్య రుతుపవనాల కాలంలో, అక్టోబరు, డిసెంబరుల మధ్య రంగు డబ్బా విప్పుతారు. గాలిలో తేమ వల్ల రంగు పైకి ఆరినట్టు కనిపించినా లోపల జిగటగానే ఉంటుంది. సంక్రాంతి తర్వాత మొదలుపెట్టండి. పైన మైనం పూయమని కూడా చెబుతారు గాని, మే నెల ఎండల్లో అది మెత్తబడి దుమ్మును పట్టుకుంటుంది. మన ఊరికి నీటితో కలిసే మ్యాట్ వార్నిష్ సరిపోతుంది.

నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది పాత రంగు మీద యంత్రంతో చేసే గీకుడు. ఇళ్లలో వాడే రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల వంతుల్లో 90 వంతులు) మించకూడదన్న నియమం మన దేశంలో అమల్లోకి వచ్చింది 2017 నవంబరు 1న. అంతకు ముందు వేసిన పసుపు, ఎరుపు, ఆకుపచ్చ రంగుల్లో సీసం ఉండే అవకాశం ఎక్కువ. ఆ పొడి పసిపిల్లల నోట్లోకి పోతే మెదడుకు హాని. మా అపార్ట్‌మెంటులోనే ఒకాయన బాల్కనీలో పాత తలుపును యంత్రంతో గీకితే, ఆ దుమ్మంతా కింది అంతస్తులో ఆరేసిన పసిబిడ్డ గుడ్డల మీద పడింది. తడిపి మాత్రమే రుద్దండి, ఎన్-95 మాస్కు కట్టుకోండి, ఆ నీటిని గుడ్డతో ఎత్తి పారెయ్యండి. నేను కూడా పాత తలుపులను అరగదీయలేదు, తడిగుడ్డతో తుడిచి పైన వార్నిష్ మాత్రం వేశాను.

ఇంకొక బాధ, కొత్త మామిడి చెక్కను గొలుసులతో కొట్టి, డ్రిల్లుతో పురుగు రంధ్రాలు పెట్టి, పాత సామానని రెట్టింపు ధరకు అమ్మే దుకాణాలు. నిజమైన పురుగు రంధ్రాలు వరసగా, ఒకే కొలతలో ఉండవు. చెట్టినాడు ఇళ్లు విప్పినప్పుడు వచ్చే బర్మా టేకు తలుపులు, స్తంభాలు కారైక్కుడి పాత సామాను దుకాణాల్లో దొరుకుతాయి. కొనకపోయినా ఒకసారి వెళ్లి వాటి మీద చెయ్యి వేసి చూస్తే, ఏ అరుగుదల నిజమైనదో మీ వేళ్లకు తెలుస్తుంది.

ఇక మీ బీరువా సంగతి. తలుపు లోపలి వైపు, ఎవరికీ కనపడని చోట, దూదిని స్పిరిట్‌లో ముంచి రుద్దండి. పూత మెత్తబడి దూదికి గోధుమరంగు అంటుకుంటే అది పాతకాలపు లక్క పాలిష్. దాన్ని గీకనక్కర లేదు. మురికి తుడిచి, పాలిష్ పని తెలిసినవారితో పలుచగా రెండు పూతలు వేయిస్తే నలుపు తగ్గి చెక్క జీర తేలుతుంది. అప్పటికీ హాలులో చీకటిగానే అనిపిస్తే, అరల వెనక ఉన్న పలక ఒక్కదానికి తెల్ల రంగు వెయ్యండి. తలుపులను, ముఖ్యంగా మీ అమ్మమ్మగారు తాళం తిప్పిన చోటును, అలాగే ఉంచండి.