తాళం తప్పని బొంత: పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: ఆఫ్రికన్ మూలాలున్న సంగీతాన్ని, బొంత కళను కలిపి ఒక పూట వర్క్‌షాప్ పెడుతున్నాం. 24 మంది వస్తారు, కొందరికి కుట్టే కొత్త. ఓ పక్క పాటలు మోగించడం కాకుండా రెండింటినీ నిజంగా ముడిపెట్టే పద్ధతి ఉందా?

జవాబు: ఉంది. 3-3-2 తాళం తీసుకోండి. క్యూబా సంగీతంలో దాన్ని ట్రెసిల్లో అంటారు, అమెరికా నగరం న్యూ ఆర్లియన్స్ పాటల్లోనూ వినిపిస్తుంది. ఎనిమిది లెక్కపెడుతూ 1, 4, 7 మీద చప్పట్లు కొట్టించండి. అందరి చేతులూ కలిశాకే కత్తెర పట్టాలి.

ఇక ఒక్కో లెక్కకు ఒక్కో అంగుళం. మనిషికి 9 అంగుళాల పొడవున మూడు పట్టీలు: 3.5 అంగుళాల వెడల్పువి రెండు, 2.5 అంగుళాలది ఒకటి. సన్నదానికి కొట్టొచ్చే రంగు ఉంటే తాళం కంటికి తెలుస్తుంది. పావు అంగుళం లోపలికి కుట్టి, పొడవు కత్తిరిస్తే 8.5 అంగుళాల చదరం వస్తుంది. వరసకు 4 చొప్పున 6 వరసలు పేర్చి, పక్కపక్క చదరాల్లో ఒకదాన్ని తలకిందులు చేయండి. 3-3-2 పక్కన 2-3-3 పడుతుంది. ఒకదాని అతుకులు 3, 6 అంగుళాల దగ్గర, రెండోదానివి 2, 5 దగ్గర ఉంటాయి కాబట్టి అవి ఎదురుపడవు. చూపుకు ఎదురుతాళం, చేతికి లావు అతుకుల బెడద తప్పడం, రెండూ దక్కుతాయి. అంతా కలిపి కుట్టాక, అతుకుల్లో పోగా 32 × 48 అంగుళాలు.

చెడేది ఎక్కువగా కుట్టు దూరం దగ్గరే. అంగుళంలో పదహారో వంతు ఎక్కువ లోపలికి పోయినా, రెండు అతుకులకు కలిపి చదరం పావు అంగుళం తగ్గుతుంది. సూదికి పావు అంగుళం దూరంలో మిషన్ మీద టేపు అంటించండి, ముందు తుక్కుగుడ్డ మీద కుట్టి కొలవండి. సాగే బనియన్ గుడ్డను నేతగుడ్డతో కలపొద్దు. ఇస్త్రీపెట్టె అద్దాలి, లాగకూడదు. లాగితే అంచులు అలలు తేలతాయి.

ఒక పూటలో పై పొర పూర్తయితే చాలు. దూది పొర, అడుగుగుడ్డ 40 × 56 ఉండాలి. మూడూ కలిపి కుట్టే పని మరో రోజుకు ఉంచండి. అది నడుమ నుంచి అంచులకు సాగాలి, లేకపోతే మధ్యలో గుడ్డ ఉబ్బుతుంది.

ప్రశ్న: ఆఫ్రికన్ మూలాలున్న కర్ణాటక సిద్దీల కవంద్ బొంతలు అంచు నుంచి లోపలికి కుడతారట కదా?

జవాబు: అవును, ఆ కట్టుబడే వేరు. ఉత్తర కన్నడ జిల్లా సిద్దీ మహిళలు ముందే అతికిన పై పొర వాడరు. అడుగున చీర పరిచి, ఒక మూల నుంచి గుడ్డముక్కల అంచులు మడుస్తూ, చుట్టూ తిరుగుతూ నడుముకు చేరతారు. రన్నింగ్ కుట్టే ముక్కనూ అతుకుతుంది, పొరలనూ పట్టి ఉంచుతుంది. మూలల్లో మడతముక్కల ‘ఫూలా’ పెడతారు. దారం బిగించి లాగితే మధ్య గుడ్డ ముడుచుకుంటుంది, అది విప్పితే తప్ప సర్దుకోదు.

ప్రశ్న: అమెరికాలో బానిసలు పారిపోయే దారిని బొంతల గుర్తులతో చెప్పుకున్నారన్న కథ పిల్లలకు చెప్పొచ్చా?

జవాబు: చరిత్రగా వద్దు, నమ్మదగ్గ ఆధారం లేదు. అమెరికాలోని జార్జియా రాష్ట్రానికి చెందిన హ్యారియట్ పవర్స్ 1886లో ప్రదర్శించిన బైబిల్ బొంత స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉంది. బానిసగా పుట్టిన మనిషి గుడ్డమీద కథలు ఎలా అతికిందో దాని ఫొటో పెట్టి చూపండి. పక్కనే అలబామాలోని జీస్ బెండ్ మహిళలు పాత పనిబట్టలతో కుట్టిన బొంతల ఫొటోలు పెడితే, పట్టీలు తూచినట్టు లేకపోయినా లయ ఎలా నిలుస్తుందో పిల్లలే పట్టేస్తారు.