బాలింత దిగులు బిడ్డ మీద పడుతుందా? నాకు జరిగింది చెబుతాను

మీ చెల్లెలికి కాన్పయి మూడు నెలలైందని, ఊరికే ఏడుస్తోందని, బిడ్డ గుక్కపెట్టినా గోడవైపు తిరిగి పడుకుంటోందని రాశారు. బాలింతలకు ఇదంతా మామూలేనని మీ అమ్మగారు అంటున్నారట. దీనివల్ల బిడ్డకేమైనా అవుతుందా అన్నది మీ భయం. నేనూ అలా గోడవైపు తిరిగి పడుకున్నదాన్నే.

మాది తెనాలి దగ్గర పల్లెటూరు. తొలి కాన్పు పుట్టింట్లోనే. పెద్దాపరేషన్ చేసి బాబును తీశారు. మా అమ్మ నన్ను కాలు కింద పెట్టనివ్వలేదు. చెవుల్లో దూది, తలకు గుడ్డ, పొద్దున్నే కాయం, వెల్లుల్లి కారంతో వేడన్నం, సాయంత్రం సాంబ్రాణి పొగ. ఒంటికి ఇంత చేసినవాళ్లలో ఒక్కరూ నా మనసెలా ఉందని అడగలేదు. వాళ్లను తప్పుపట్టను, అలా అడగాలని వాళ్లకెవరూ చెప్పలేదు. చూడవచ్చిన ప్రతివాళ్లూ అడిగింది ఒక్కటే: పాలు పడ్డాయా?

మొదటి రోజుల ఏడుపు నిజంగానే మామూలు. కాన్పయిన రెండు మూడు రోజులకు మొదలై, రెండు వారాల్లో దానంతటదే పోతుంది. నాకు పోలేదు. అలా పోకుండా ఉండిపోతే దాన్ని కుంగుబాటు, అంటే డిప్రెషన్ అంటారు. బాబు పడుకున్నా నిద్ర పట్టేది కాదు. అన్నం సయించేది కాదు. నేను లేకపోతే వీడికి ఇంతకంటే మంచి అమ్మ దొరుకుతుంది కదా అనిపించేది. ఆ మాట ఎవరితో అంటాం? బంగారంలాంటి పిల్లాడు, ఇంకేం కావాలే నీకు అంటారు. బారసాల ఫొటోల్లో నవ్వుతూనే ఉన్నాను.

మూడో నెలలో బాబు నన్ను చూసి నవ్వేవాడు. నాకు తిరిగి నవ్వు వచ్చేది కాదు. వాడు మళ్లీ నవ్వేవాడు, కాళ్లు ఆడించేవాడు, చివరికి తల తిప్పి ఫ్యాను చూసుకునేవాడు. పోనుపోను నా మొహం చూడటమే తగ్గించాడు. అమ్మమ్మ గొంతు వింటే మాత్రం ఎగిరి గంతేసేవాడు. 1970ల్లో ఎడ్వర్డ్ ట్రోనిక్ అనే అమెరికా మనస్తత్వవేత్త ఇలాంటిదే పరీక్షించి చూశారని నాకు వైద్యం చేసిన డాక్టరమ్మ తర్వాత చెప్పింది. తల్లిని కాసేపు మొహంలో ఏ కదలికా లేకుండా కూర్చోమంటే, పసిబిడ్డ ముందు నవ్వి పిలుస్తుంది, చేతులు చాపుతుంది, ఎంతకీ పలకకపోతే మొహం తిప్పేసుకుంటుంది. అది విని ఆ రాత్రంతా ఏడ్చాను. తల్లి మళ్లీ పలకరిస్తే బిడ్డ మళ్లీ దగ్గరికొస్తుందని కూడా ఆవిడే చెప్పింది. నేను పట్టుకున్నది ఆ మాటనే.

బరువు సంగతీ చెప్పాలి. టీకా కార్డులో వాడి బరువు గీత వంగిపోయింది. చూపిస్తే డబ్బా పాలు రాశారు తప్ప, ఎదురుగా కూర్చున్న నన్నెవరూ పట్టించుకోలేదు. గోవాలో తల్లుల మీద జరిగిన ఒక పరిశోధన 2003లో అచ్చయింది. కుంగుబాటు ఉన్న తల్లుల బిడ్డలు ఆరు నెలలకు బరువులో, పొడుగులో వెనకబడ్డారని అందులో తేలింది. మన దేశంలో జరిగిన 38 పరిశోధనలను కలిపి 2017లో లెక్కేస్తే, నూటికి 22 మంది తల్లులకు ఈ కుంగుబాటు ఉందని వచ్చింది. అంటే ఏ టీకాల రోజు వరసలో చూసినా నాలాంటివాళ్లు కొందరు ఉంటారన్నమాట. వైద్యం లేకుండా ఎన్ని నెలలు గడిచాయన్నదే బిడ్డకు అన్నిటికంటే ముఖ్యమని నా గట్టి నమ్మకం. నేను ఐదు నెలలు పోగొట్టుకున్నాను. మీ చెల్లెలికి ఇంకా మూడే.

నన్ను కనిపెట్టింది మా ఆడపడుచు. రెండు రాత్రులు నా పక్కన పడుకుని, మూడో రోజు ఆసుపత్రికి తీసుకెళ్లింది. అక్కడ పది ప్రశ్నల కాగితం ఇచ్చారు, ఎడిన్‌బరో స్కేల్ అంటారు, 1987 నుంచి వాడుకలో ఉంది. పదో ప్రశ్న, నీకు నువ్వు హాని చేసుకోవాలనిపించిందా అని. అక్కడ నా పెన్ను ఆగిపోయింది. థైరాయిడ్ పరీక్ష చేశారు, కాన్పు తర్వాత అది తేడా చేసినా ఇలాగే ఉంటుందట. పాలిచ్చే తల్లికి వాడదగ్గ మందే రాశారు, పాలు మాన్పించలేదు. తేడా తెలియడానికి మూడు వారాలు పట్టింది. రోజూ బాబుతో ఏదో ఒక పని నువ్వే చెయ్యి అన్నారు. కాళ్ల మీద పడుకోబెట్టి నీళ్లు పోయడం ఎంచుకున్నాను. ఏడో నెలలో ఒక పొద్దున నీళ్లు పోస్తుంటే వాడు నా మొహంలోకి చూసి నవ్వాడు, నేనూ నవ్వాను. ఇప్పుడు రెండో తరగతి, నన్ను ఒక్క నిమిషం వదలడు.

మీరు చేయాల్సింది: బిడ్డ మొహం చూసైనా మారమని ఆమెతో అనకండి. రాత్రి ఒక విడత పాలు మీరు పట్టి, ఆమెను ఏకబిగిన నాలుగైదు గంటలు పడుకోనివ్వండి. ఈ వారంలోనే డాక్టరు దగ్గరికి వెంట వెళ్లండి. 14416 ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ నంబరు, తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు. పొంతన లేకుండా మాట్లాడినా, ఎవరో పిలుస్తున్నారన్నా, తనకో బిడ్డకో హాని చేస్తానన్నా ఒంటరిగా వదలకుండా ఆ గంటలోనే పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి. చేర్చుకుంటే బిడ్డను విడదీస్తారని భయపడొద్దు, మూడేళ్ల లోపు బిడ్డను మామూలుగా తల్లి నుంచి వేరుచేయకూడదని 2017 మానసిక ఆరోగ్య చట్టంలోనే ఉంది.

మీ అమ్మగారిని కూడా వెంట తీసుకెళ్లండి. మా అమ్మ డాక్టరమ్మ నోట విన్నాకే నమ్మింది. తిరుగు ప్రయాణంలో బస్సు దిగేదాకా నా చెయ్యి వదల్లేదు.