టెన్నిస్ ఎల్బోకి షాక్‌వేవ్ థెరపీ పనిచేస్తుందా?

కొందరికి నొప్పి తగ్గుతుంది కానీ, అందరికీ పనిచేస్తుందనడానికి గట్టి ఆధారాలు లేవు; అందుకే ఇది మొదట ఎంచుకునే చికిత్స కాదు. టెన్నిస్ ఎల్బోలో, మణికట్టును పైకి లేపే కండరాల టెండన్ (కండరాన్ని ఎముకకు కలిపే గట్టి పట్టీ), మోచేతి బయటివైపు ఎముకకు అతుక్కునే చోట అరిగి, సరిగా మానకుండా ఉండిపోతుంది. జెల్ రాసి, పరికరాన్ని అక్కడ ఆనించి టకటకమని ఒత్తిడి తరంగాలు పంపితే, ఆగిపోయిన మరమ్మతు మళ్లీ మొదలవుతుందన్నది దీని వెనకున్న ఆలోచన. సాధారణంగా వారానికొకటి చొప్పున 3 నుంచి 5 సిట్టింగులు. ఉదాహరణకు, నిండు చెంబు ఎత్తినా చురుక్కుమంటూ, ఆరు నెలలు వ్యాయామాలు చేసినా తగ్గనివారికి దీన్ని సూచిస్తారు. చాలామందికి ఏడాదిలోపు దానంతటదే నయమవుతుంది కాబట్టి, ఫలితం దేనివల్లో చెప్పడం కష్టమే. ఇక ‘షాక్’ అనగానే కరెంటు పెడతారనుకుంటారు (పేరు అలాంటిది మరి!). ఒంట్లోకి కరెంటేమీ వెళ్లదు, అవి శబ్దతరంగాల్లాంటివి. చేసేటప్పుడు కాస్త నొప్పి మాత్రం ఉంటుంది.