కలంకారీ వస్త్రం మీద స్పైడర్‌మ్యాన్‌కు చోటెక్కడ?

శ్రీకాళహస్తి కలంకారీలో ఆంజనేయస్వామి పక్కన స్పైడర్‌మ్యాన్‌ను వేయించి పిల్లవాడి గదిలో పెట్టుకోవచ్చా, అది అపచారమవుతుందా అని మీరు అడిగారు. ఆ ఊళ్లోనే ఈ పని నేర్చుకుని, దాదాపు ఇదే కోరికతో వచ్చిన ఒక కుటుంబానికి వస్త్రం వేసి ఇచ్చిన అనుభవంతో చెబుతున్నాను. నిస్సందేహంగా వేయించుకోవచ్చు. అయితే ఆ పాత్రకు ఏ రంగు ఇవ్వాలి, ఎక్కడ నిలపాలి అన్నది ముందే తేల్చుకోవాలి.

కలంకారీలో రంగును బట్టే పాత్ర ఎవరో తెలుస్తుంది. రాముడికీ కృష్ణుడికీ నీలం, ఆంజనేయుడికి ఆకుపచ్చ, స్త్రీలకు పసుపు, రాక్షసులకు ఎరుపు వేయడం ఆనవాయితీ. కనుక స్పైడర్‌మ్యాన్ ఎర్రని ముసుగును ఉన్నదున్నట్టు దించితే, ఈ సంప్రదాయం ఎరిగినవారికి స్వామి ఎదుట ఒక అసురుడు నిలబడినట్టే కనిపిస్తుంది. పైగా ముసుగులో కంటిపాపలు ఉండవు; మన బొమ్మకు ప్రాణమంతా విశాలమైన కళ్లలోనే ఉంటుంది. అందుచేత నేను ముసుగు తీయించి అతని చేతిలో పెట్టాను, ముఖానికి మామూలు మనిషి ఛాయ వేసి, ఎరుపును ఛాతీకీ చేతులకూ పరిమితం చేశాను. ఛాతీ మీది సాలెగూడు గీతలు చూసి ఆ ఇంటి పిల్లవాడు వెంటనే గుర్తుపట్టాడు. ఆ గీతలు కూడా అసలు బొమ్మలో ఉన్నంత దగ్గరగా వద్దు; ఇనుప ముక్కలనూ బెల్లాన్నీ నీళ్లలో పులియబెట్టి తీసిన కసిం అనే నల్ల రంగు, ముందుగా నానబెట్టే కరక్కాయ, పాలు సరిగా పట్టని గుడ్డ మీద పాకి, గీతలన్నీ ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి.

చోటు విషయానికి వస్తే, మధ్యలో ప్రధాన దేవతనూ, చుట్టూ చిన్న గళ్లలో కథనూ వేసే పాత పద్ధతి మీకు ఎంతో అనుకూలం. శ్రీకాళహస్తి స్థలపురాణంలోనే ఒక సాలీడు శివలింగం చుట్టూ తన దారంతో గుడి కట్టి, దీపజ్వాల దాన్ని కాల్చివేస్తే ఆ మంటనే మింగబోయి, ముక్తి పొందింది. ఒక గడిలో ఆ సాలీడును వేసి, పక్క గడిలో దానికి నమస్కరిస్తున్న స్పైడర్‌మ్యాన్‌ను నిలపండి. నా దృష్టిలో పిల్లవాడికి ఇంతకంటే మంచి కథ దొరకదు. తోలుబొమ్మలాటలో రామాయణం నడుమ బంగారక్క, జుట్టుపోలిగాడు వచ్చి నవ్వించి వెళ్లినా రాముడి గౌరవం తగ్గలేదు కదా.

దేవుడి శరీరానికి సినిమా కథానాయకుడి ముఖం అతికించమంటే మాత్రం నేను ఒప్పుకోను. 1957లో వచ్చిన మాయాబజార్ తరువాత ఎన్.టి. రామారావు గారి కృష్ణుడి పటాలు ఎన్నో ఇళ్లలో పూజ గదులకు చేరాయి. కానీ అక్కడ నటుడే నెమలిపింఛాన్నీ, నీలి ఛాయనూ ధరించి దేవుడి లక్షణాలకు లోబడ్డాడు. 2015లో బాహుబలి వచ్చాక లింగాన్ని భుజాన మోస్తున్న వినాయక విగ్రహాలు వెలిశాయి. తొండం, ఏకదంతం, శివభక్తి చెక్కుచెదరలేదు గనుక అవి నన్ను బాధించలేదు. ఆయుధాల స్థానంలో తుపాకి పెడితే మాత్రం ఆ మూర్తిని ధ్యానించడానికి ఆధారమే పోతుంది.

మీరు ఏ కళాకారుడికి పని అప్పగించినా, చింతబొగ్గుతో గుడ్డ మీద గీసిన నమూనాను ముందుగా చూసి, మార్పులేవైనా ఉంటే అప్పుడే చెప్పండి. కరక్కాయ పట్టిన గుడ్డ మీద కసిం గీత పడ్డాక చెరపడం ఎవరి తరమూ కాదు.