గుంటల్లేని (పిల్లల్లేని) లోకం చూసినవాళ్ల మాటలు: ఒక కొత్త రచయిత్రికి ఉత్తరం

శ్రీకాకుళం

అమ్మా, ఆశీస్సులు.

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. పిల్లలే పుట్టని లోకం గురించిన ‘చిల్డ్రన్ ఆఫ్ మెన్’ అనే ఇంగ్లీషు సినిమా మనవాళ్లకి వేసి చూపించి, వాళ్లేమన్నారో రాయాలన్న పూనిక నాకు చాలా నచ్చింది. విజయనగరంలో మళ్లీ వేస్తానన్నావు కాబట్టి, ఆలోగా కొన్ని సంగతులు సరిచేసుకో.

మొదటి పేజీలోనే ‘ప్రేక్షకులు కంటతడి పెట్టుకున్నారు’ అని రాశావు. ఎవరు? ఏ చోట? చివర్లో పసిబిడ్డ ఏడుపు వినగానే తుపాకులు ఆగుతాయి. సైనికులు దారి ఇస్తారు, కొందరు మోకాళ్ల మీద కూలబడతారు. తల్లీబిడ్డా అలా బయటికి నడిచి కాస్త దూరం వెళ్లారో లేదో పేలుడు, కాల్పులు మళ్లీ మొదలు. తుపాకులు ఆగినప్పుడు ఏడ్చినావిడా, మళ్లీ మోగినప్పుడు ఏడ్చినావిడా ఒక్కరు కారు. ఒకావిడకి ఆశ కలిగింది, ఇంకొకావిడకి ఉన్న ఆశ చచ్చింది. నువ్వు ఇద్దరినీ ఒక్క వాక్యంలో కట్టేశావు. వాళ్ల దగ్గరికి మళ్లీ వెళ్లి అడుగు.

అడిగే తీరు కూడా మార్చాలి. ‘ఎలా ఉందండీ’ అంటే మర్యాదకి ‘బాగుందమ్మా’ అంటారు, అక్కడితో అయిపోతుంది. ‘ఎక్కడ తల తిప్పుకున్నారు?’, ‘ఇంటికెళ్లి చెప్పాల్సొస్తే ముందు ఏ సీను చెప్తారు?’ ఈ రెండూ చాలు. లైట్లు వేసిన పావుగంట లోపలే అడిగెయ్యి. టీల దగ్గర చేరారంటే పక్కవాళ్ల మాట తమ మాటైపోతుంది. ఆడవాళ్లని విడిగా కూర్చోబెట్టు. పక్కన అత్తగారుంటే కోడలు ఈ సినిమా గురించి నోరు విప్పదు. ఆరేడుగురు చాలు, కానీ వారం పోయాక వాళ్లనే మళ్లీ కలవాలి. అప్పటికి మిగిలినదే గట్టి సరుకు. సినిమా నడుస్తున్నంతసేపూ నువ్వు తెర పక్కన గోడవార కూర్చో, ముఖాలు కనబడతాయి. నోట్‌బుక్‌లో ఎడమ పేజీ మాటలకి, కుడి పేజీ చేతలకి. కారు మీద దాడి జరిగే సీను ఒకే షాట్‌లా సాగుతుంది. అక్కడ ఎవరూ ‘షాట్’ అనే మాట అనరు గానీ ముందు కుర్చీ అంచు గట్టిగా పట్టుకుంటారు. కుడి పేజీలో రాయాల్సింది అదే.

ఆటకి ముందు తెలుగులో మూడే ముక్కలు చెప్పు: కథాకాలం 2027, పద్దెనిమిదేళ్లుగా భూమ్మీద పురుడు లేదు, బ్రిటన్ శరణార్థుల్ని పట్టి బోనుల్లో పెడుతోంది. అంతకు మించి చెప్తే నీ అభిప్రాయమే వాళ్ల నోట తిరిగి వినబడుతుంది.

‘గుంటల్లేకపోతే ఊరేటి బాబూ’ అన్న ముసలాయన మాటని నువ్వు ‘పిల్లలు లేని గ్రామం గ్రామమేనా’ అని దిద్దావు. ఎందుకమ్మా? ఆ ‘ఏటి’లో ఉన్న దిగులంతా పోయింది. ఉన్నదున్నట్టు వెయ్యి.

ఇక అన్నిటికన్నా పెద్ద లోపం. ‘మన రాష్ట్రంలో జరుగుతున్నదీ ఇదే, జననాలు పడిపోతున్నాయి’ అన్న మాస్టారి మాటని రాసి ఊరుకున్నావు. ఆయన మాట తీసెయ్యకు, కానీ కిందనే తేడా చెప్పి తీరాలి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో సంతానోత్పత్తి రేటు, అంటే ఒక్కో ఆడమనిషికి సగటున పుట్టే పిల్లల లెక్క, 1.7. జనాభా నిలకడగా ఉండాలంటే సుమారు 2.1 కావాలి. ఇందులో చాలావరకు ఇద్దరు చాలనుకుని ఆపరేషన్ చేయించుకున్న ఇళ్ల లెక్క. సంతానలేమి వేరు. ఏ జాగ్రత్తా వాడకుండా 12 నెలలు కాపురం చేసినా గర్భం రాకపోతే వైద్యులు ఆ మాట వాడతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 నివేదిక ప్రకారం ఆరుగురిలో ఒకరు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు దీన్ని ఎదుర్కొంటారు. వద్దనుకున్నవాళ్లనీ, కావాలనుకుని రానివాళ్లనీ ఒకే గాటన కడితే నీ వ్యాసం చదివే పిల్లల్లేని ఆడమనిషి గుండె కోసినట్టే.

దానికి తగ్గ సంగతి సినిమాలోనే ఉంది. ఈ సినిమాకి మూలమైన పి.డి. జేమ్స్ 1992 నవలలో లోపం మగవాళ్ల బీజంలో. 2006లో దర్శకుడు అల్ఫోన్సో క్వారోన్ తీసిన సినిమాలో గర్భం రానిది ఆడవాళ్లకి. ఈ మార్పు చెప్పాక ఆడవాళ్లు ఏమంటారో విను. ‘గొడ్రాలు’ అన్నంత తేలిగ్గా మగవాణ్ణి అనడానికి మనకి మాట లేదు. పరీక్షల్లో మొదట చేయాల్సినవాటిలో తేలికైనది, చవకైనది వీర్య పరీక్ష. అయినా ముందు ఆస్పత్రికి బయల్దేరదీసేది కోడలినే. ఇలాంటి మాటలు చెప్పినవాళ్ల పేరొక్కటీ మార్చితే చాలదు. ఊరు, పని, పెళ్లయి ఎన్నేళ్లైందో కూడా మార్చు. మన ఊళ్లల్లో ఆ మూడూ కలిస్తే మనిషి దొరికిపోతుంది.

పాడుబడిన బడి సీను చూసి ‘మా ఊరి బడీ ఇంతే’ అన్నవాళ్లు ముగ్గురున్నారు నీ వ్యాసంలో. ఎందుకు ఖాళీ అయిందో ఒక్కొక్కరినీ అడుగు. ఒక బడి 2022లో మూడు, నాలుగు, ఐదు తరగతుల్ని హైస్కూల్లో కలిపేస్తే ఖాళీ అయ్యుంటుంది. ఒకటి తల్లిదండ్రులు చెన్నైకో హైదరాబాద్‌కో వలసపోతే ఖాళీ అయ్యుంటుంది. కారణం రాస్తే ఆ పోలిక నిలబడుతుంది.

తీరం నుంచి వచ్చిన ఆ జాలరిని మాత్రం నువ్వు రెండు లైన్లలో దాటేశావు. 2018 నవంబర్‌లో గుజరాత్ తీరంలో వేటకెళ్లి పాకిస్తాన్‌కి పట్టుబడి, 2020 జనవరిలో విడుదలైన మనవాళ్లున్నారు. ఆ ఊళ్ల మనిషి తెర మీద బోనులు చూస్తే ఊరికే చూడడు. అందరూ బిడ్డ గురించి మాట్లాడుతుంటే ఆయన ‘ఆ మంచులో బోటు ఆళ్లని ఎక్కించుకున్నాదా, లేదా’ అని నిన్ను రెండుసార్లు అడిగాడని రాశావు. చివర్లో తల్లీబిడ్డా చిన్న పడవలో ఎదురుచూస్తుంటే మంచులోంచి ఓడ వస్తుంది, కానీ ఎక్కించుకోవడం సినిమా చూపించదు. చీకటైన తెర మీద పిల్లల కేరింతలు మాత్రం వినిపిస్తాయి. ఆయన దగ్గరికి మళ్లీ వెళ్లు. ఆయనకేమనిపించిందో అడిగి, ఆ మాటతో వ్యాసం మొదలుపెట్టు.

రాశాక పంపు. చూస్తాను.